ఫ్రీలాన్సర్ సీవీ ఎన్ని పేజీలు ఉండాలి?

(స్వతంత్రంగా కాంట్రాక్టు పనులు చేసుకునే వృత్తి నిపుణుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు కూడా ఇందులో ఉన్నాయి.)

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకు అప్పగించిన ప్రశ్న చాలా చిన్నది. ఫ్రీలాన్స్ కాంట్రాక్టరు తన సీవీని ఎన్ని పేజీల్లో రాసుకోవాలి? దీనికి జవాబు కూడా చిన్నదే కనుక ముందుగా అది చెప్పేస్తాను. కాంట్రాక్టర్లకు పనులు చూపించే ఏజెన్సీకి గాని, నేరుగా పని ఇచ్చే క్లయింటుకు గాని పంపే సీవీ రెండు పేజీలు ఉండాలి. చేసిన పనుల సంఖ్య బాగా ఎక్కువగా ఉన్నవారికి మూడు పేజీలు. అంతకు మించి చెప్పవలసింది ఏదైనా మిగిలితే అది ప్రాజెక్టుల జాబితా అనే పేరుతో విడి కాగితంగా ఉండాలి, అడిగినప్పుడు మాత్రమే వెళ్లాలి. అయితే ఈ అంకెను మాత్రమే పట్టుకుని వెళ్లినవారు సాధారణంగా ఏం చేస్తారంటే, తమ ఏడు పేజీల సీవీని తెరిచి, అక్షరాల పరిమాణం తగ్గించి, అంచులు కుదించి, వరసల మధ్య ఖాళీ తీసేసి, మూడు పేజీల్లో ఇరికించి, పని అయిపోయిందనుకుంటారు. పేజీలు తగ్గాయి గాని, చదివేవారి మీద పడే భారం తగ్గలేదు. అందువల్ల ఆ అంకె వెనక ఉన్న కారణాల గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

సీవీ ఒక పేజీయే ఉండాలనీ, రెండు పేజీలు దాటకూడదనీ మనం తరచు వినే సూత్రాలు ఉద్యోగుల కోసం పుట్టినవి. పన్నెండేళ్ల అనుభవం ఉన్న ఉద్యోగి మహా అయితే ముగ్గురు, నలుగురు యజమానుల దగ్గర పనిచేసి ఉంటాడు. అదే పన్నెండేళ్లు ఆరేసి నెలల కాంట్రాక్టులతో గడిపిన ఫ్రీలాన్సర్‌కు, మధ్యలో ఖాళీలు పోయినా, ఇరవై పనులు లెక్కకు వస్తాయి. ఏ4 కాగితం ఎత్తు 297 మిల్లీమీటర్లు. పైనా కిందా రెండేసి సెంటీమీటర్ల అంచు వదిలి, 11 పాయింట్ల అక్షరంతో రాస్తే సుమారు యాభై వరసలు పడతాయి, శీర్షికలకూ ఖాళీలకూ పోగా నలభై అయిదు మిగులుతాయి. ఒక్కొక్క పనికి తేదీలకూ హోదాకూ రెండు వరసలు, వివరణకు నాలుగు, మధ్యలో ఖాళీకి ఒకటి, మొత్తం ఏడు వరసలు అనుకుంటే, ఇరవై పనులకు నూట నలభై వరసలు, అంటే మూడు పేజీలకు పైనే అవుతుంది. ఇందులో ఇంకా పేరు లేదు, పరిచయం లేదు, నైపుణ్యాలు లేవు, చదువు లేదు. ఉద్యోగి సూత్రం మనకు ఎందుకు సరిపోదో ఈ కూడికే చెబుతుంది. అయితే ఈ కూడికను చూపించి, అందుకే నా సీవీ ఎనిమిది పేజీలు అని సమర్థించుకునేవారితోనూ నేను ఏకీభవించను. అన్ని పనులకూ సమానంగా ఏడేసి వరసలు ఇవ్వాలని ఎవరూ శాసించలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది, దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

ముందు చదివేవారి సంగతి చూద్దాం. ఇంగ్లీషులో రాసిన సమాచార వచనాన్ని పెద్దవాళ్లు మౌనంగా చదివే వేగం నిమిషానికి సుమారు 238 పదాలని, పాత పరిశోధనలను అనేకం కలిపి లెక్కగట్టి 2019లో ప్రకటించిన ఒక విశ్లేషణ తేల్చింది. రెండు పేజీల సీవీలో ఎనిమిది వందల పదాలు ఉంటాయనుకుంటే దాన్ని పూర్తిగా చదవడానికి మూడున్నర నిమిషాలు, ఎనిమిది పేజీల సీవీకి పద్నాలుగు నిమిషాల దాకా పడుతుంది. ఒక పనికి ఇరవై మంది సీవీలు పంపినప్పుడు, ఒక్కొక్కరికి పద్నాలుగు నిమిషాలు కేటాయించే మేనేజరు ఎక్కడా ఉండడు. ద ల్యాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ రిక్రూటర్ల కంటిచూపు కదలికలను గమనించి, తొలి వడపోతలో ఒక్కో సీవీ మీద చూపు నిలిచేది ఆరు సెకన్లే అని 2012లోనూ, 7.4 సెకన్లు అని 2018లోనూ ప్రకటించింది. ఇది ఒక వ్యాపార సంస్థ తన అవసరానికి చేయించుకున్న పరిశీలన కనుక దాన్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. పైగా ఆ ఆరేడు సెకన్లలో తేలేది ఈ మనిషికి పని ఇవ్వాలా వద్దా అన్నది కాదు, ఈ కాగితం చదవాలా వద్దా అన్నది మాత్రమే. ఈ తేడాను పట్టించుకోకుండా ఆ అంకెను చూపించి భయపెట్టే సలహాదారులు ఎక్కువయ్యారని నాకు అనిపిస్తుంది. మనకు ఉపయోగపడే సారాంశం మాత్రం అందులో ఉంది. తొలి చూపు మొదటి పేజీ పై సగం దాటదు. రెండో పేజీ దాకా వెళ్లే అర్హత మొదటి పేజీ సంపాదించిపెట్టాలి.

మనిషి కంటే ముందు చదివే మరొకరున్నారు. ఏజెన్సీలు వచ్చిన సీవీలన్నిటినీ సాఫ్ట్‌వేర్‌లో దాచుకుని, పని వచ్చినప్పుడు కొన్ని మాటలతో వెతుకుతాయి. ఆ మాట మీ సీవీలో లేకపోతే మీరు ఆ జాబితాలో కనిపించరు. పొడవైన సీవీలను సమర్థించేవారి వాదనల్లో నేను గౌరవించేది ఇదొక్కటే. యంత్రానికి విసుగు ఉండదు. పది పేజీలనైనా అది క్షణంలో మింగేస్తుంది. అయితే ఆ మాటలు దొరకడానికి పది పేజీలు అక్కర్లేదు. మీరు నిజంగా వాడిన పరికరాల పేర్లు, ప్రమాణాల పేర్లు, రంగాల పేర్లు నాలుగు వరసల్లో ఒకచోట పెట్టి, అవే పేర్లు ఆయా పనుల వివరణలోనూ సహజంగా వచ్చేలా రాస్తే సరిపోతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. సీవీని కుదించడానికి పట్టికలు, రెండు నిలువు వరసలు, చతురస్రపు పెట్టెలు వాడేవారు ఉన్నారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని సరైన వరసలో చదవలేవు. ఎడమ వైపు తేదీ కుడి వైపు ఉన్న వేరే పనికి అతుక్కుపోతుంది, పేజీ పైఅంచులో పెట్టిన ఫోన్ నంబరు అసలు కనిపించకుండా పోతుంది. స్థలం కోసం చేసిన తెలివైన ఏర్పాటు అసలుకే ఎసరు తెస్తుంది.

ఇక విషయానికి గుండెకాయ లాంటి ప్రశ్న. ఉద్యోగిని తీసుకునే యజమానికీ, కాంట్రాక్టరును తీసుకునే క్లయింటుకూ కావలసినది ఒకటేనా? యజమాని ఒక మనిషి ఎదుగుదల మీద పెట్టుబడి పెడతాడు. ఈ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు, ఎలా పైకి వచ్చాడు, మూడేళ్ల తరువాత ఏ బాధ్యత మోయగలడు అని చూస్తాడు కనుక, అతనికి జీవితక్రమం అంతా కావాలి. క్లయింటుకు ఒక అవసరం వచ్చి పడింది, దానికి గడువు ఉంది, తన దగ్గర ఉన్నవారితో అది తీరదు. అతను మీ సీవీలో వెతికేది నాలుగే సంగతులు: ఇలాంటి పని చేశారా, ఈ మధ్యనే చేశారా, ఇలాంటి పరిస్థితుల్లోనే చేశారా, మొదలుపెట్టింది ముగించి బయటికి వచ్చారా. నేర్పించే తీరిక అతనికి లేదు. వచ్చే సోమవారం కూర్చోబెడితే బుధవారానికి పని కదలాలి. ఈ నాలుగు సంగతులకూ సాక్ష్యం చూపేదే కాంట్రాక్టరు సీవీ. సాక్ష్యం ఎంతవరకు అవసరమో అంతవరకే దాని పొడవు.

ఈ దృష్టి నా సొంత కల్పన కాదు. ప్రపంచ బ్యాంకు నిధులతో నడిచే ప్రాజెక్టులకు కన్సల్టెంట్లు ప్రతిపాదనలు పంపేటప్పుడు, ముఖ్య నిపుణుల సీవీల కోసం టెక్-6 అనే నమూనా పత్రం ఉంటుంది. అందులో చదువు, ఉద్యోగ చరిత్ర, భాషలు వంటివన్నీ మామూలుగానే ఉంటాయి. నాకు నచ్చేది దాని చివరి భాగం. ఒక పక్క ఈ ప్రాజెక్టులో మీకు అప్పగించబోయే పనులు రాయాలి, ఎదురుగా ఆ పనులు చేయగలరని నిరూపించే మీ పాత పనులు రాయాలి. ఉద్యోగ చరిత్రను కూడా ఈ పనికి సంబంధించినంతవరకే ఇవ్వమంటుంది. మీరు ఏ రంగంలో ఉన్నా, సీవీ పంపే ముందు ఒక తెల్లకాగితం మీద ఇలాంటి పట్టిక ఒకటి గీసుకోండి. ఎడమ వైపు క్లయింటు అడిగినవి, కుడి వైపు మీ సీవీలో వాటికి జవాబిచ్చే వరసలు. కుడి వైపుకు చేరని వరసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే మీ సీవీలో ఎంత కొవ్వు ఉందో తెలిసిపోతుంది.

సందర్భం వచ్చింది కనుక ఒక పాత ఉదాహరణ చెబుతాను. 1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్సీ మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు పని కోరుతూ రాసిన ఉత్తరాన్ని చాలామంది తొలి సీవీగా చెబుతుంటారు. తొలిదో కాదో అన్న చర్చ అటుంచితే, దాని కూర్పు చూడదగ్గది. పది అంశాల్లో మొదటి తొమ్మిదీ యుద్ధానికి పనికొచ్చేవే: తేలికగా మోసుకుపోగల వంతెనలు, కోటల ముట్టడి, ఫిరంగులు, నౌకలు. శాంతి కాలంలో చేయగల కట్టడాలు, నీటి కాలువలు, శిల్పం, చిత్రలేఖనం చివరికి వస్తాయి. ఈనాడు లోకం ఆయన్ని దేనికి తలుచుకుంటుందో అది ఆ ఉత్తరంలో అట్టడుగున ఉంది, ఎందుకంటే చదివేవాడి అవసరం అప్పుడు అది కాదు. అయితే ఆయన్ని పూర్తిగా అనుకరించడం మనకు కుదరదు. ఆ ఉత్తరమంతా చేయగలను, చేసి చూపిస్తాను అన్న ధోరణిలో సాగుతుంది, చేసిన పని ఒక్కటీ పేరు పెట్టి చెప్పదు. ఈ రోజు ఏ క్లయింటూ అలాంటి మాట మీద పని ఇవ్వడు.

ఇప్పుడు ఇందాక ఆపిన చోటికి వస్తాను. అన్ని పనులకూ సమానంగా చోటు ఇవ్వడమే సీవీలు చేంతాడులా సాగడానికి అసలు కారణం. నా లెక్క ప్రకారం గత మూడు నుంచి అయిదేళ్లలో చేసిన పనులకు పూర్తి వివరణ ఇవ్వాలి, అంటే ఒక్కొక్కదానికి అయిదారు వరసలు. అంతకు ముందు అయిదేళ్ల పనులకు రెండేసి వరసలు చాలు. పదేళ్లు దాటిన పనులు ఒక్కొక్క వరసలోకి, లేదా అన్నీ కలిపి ఒకే పేరాలోకి వెళ్లిపోవాలి. ఇలా చేస్తే మనం ముందు చెప్పుకున్న ఇరవై పనుల మనిషి సీవీ రెండున్నర పేజీలకు దిగివస్తుంది, ఏ పనీ దాచినట్టు ఉండదు. పాతవాటిని బొత్తిగా తీసేయమని నేను చెప్పను. ఆ వరసలు ఉండటం వల్ల ఈ మనిషి పన్నెండేళ్లుగా ఇదే వృత్తిలో నిలబడ్డాడన్న నమ్మకం కలుగుతుంది, వివరాలు మాత్రం అక్కర్లేదు.

పాతబడే కొద్దీ చోటు తగ్గించే ఈ పద్ధతికి ఒక మినహాయింపు ఉంది, అది కాంట్రాక్టర్లకు తరచు ఎదురవుతుంది. పాత పని కొత్త అవసరానికి అచ్చంగా సరిపోయినప్పుడు కాలక్రమం పక్కన పెట్టాలి. ఒక బ్యాంకు తన పాత కోబాల్ ప్రోగ్రాములను కొత్త వ్యవస్థలోకి మార్చుకుంటోందనుకోండి. కోబాల్ 1959లో రూపుదిద్దుకున్న కంప్యూటర్ భాష. ఇప్పటికీ ఎన్నో ఆర్థిక సంస్థల లెక్కలు దాని మీదే నడుస్తున్నాయి. మీరు ఇరవై ఏళ్ల కిందట కోబాల్ మీద చేసిన పని మామూలుగా సీవీలో చివరి వరస. ఈ బ్యాంకుకు పంపేటప్పుడు అది మొదటి పేజీలోకి రావాలి, పరిచయ వాక్యాల్లోనే దాని ప్రస్తావన ఉండాలి. తేదీ దాచనక్కర్లేదు, అలా దాచాలని చూసేవారి మీద అనుమానమే మిగులుతుంది.

చిన్న చిన్న పనుల విషయంలో కూర్పు మరింత ముఖ్యం. రెండు వారాలు, నెల రోజులు చేసిన పనులను ఒక్కొక్కటీ విడి శీర్షికతో రాస్తే, ఎక్కడా కుదురుగా ఉండని మనిషి బొమ్మ తయారవుతుంది. ఒకే రకమైన చిన్న పనులను ఒక గుత్తిగా చేసి, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా చిల్లర వ్యాపార రంగంలో ఆరుగురు క్లయింట్లకు చేసిన డేటా మార్పిడి పనులు అని ఒకే శీర్షిక కింద పెట్టండి. అలాగే స్వతంత్ర వృత్తి మొదలుపెట్టిన నాటి నుంచి నేటి వరకు అంతా ఒకే పెద్ద శీర్షిక కిందికి తెచ్చి, పనులను దాని లోపల చూపిస్తే, రెండు కాంట్రాక్టుల మధ్య ఉన్న రెండు నెలల ఖాళీ కోసం ఎవరూ వేలు పెట్టి అడగరు. ఆ ఖాళీలు మన వృత్తిలో సహజం. వాటిని సమర్థించుకుంటూ వాక్యాలు రాయడం స్థలం దండగ.

పొడిగింపుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన సీవీల్లో అన్నిటికంటే బలమైన సాక్ష్యం అదే, అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేదీ అదే. మూడు నెలలకు తీసుకున్న మనిషిని పద్నాలుగు నెలలు ఉంచుకున్నారంటే, ఆ క్లయింటు ప్రతిసారీ ఆలోచించుకుని, మళ్లీ డబ్బు మంజూరు చేయించుకుని, సంతకం పెట్టాడన్నమాట. దాన్ని మూడు వేర్వేరు కాంట్రాక్టులుగా విడగొట్టి రాస్తే చోటు మూడింతలు పడుతుంది, బలం మూడో వంతు అవుతుంది. ఒకే పనిగా చూపించి, మొదట మూడు నెలలకు కుదిరి రెండుసార్లు పొడిగించారని ఒక్క ముక్క రాయండి.

వాక్యాల స్థాయిలో కూడా ఒక ఉదాహరణ చూద్దాం. బృంద సభ్యులతో సమన్వయం చేసుకుంటూ, వివిధ దశల్లో వివిధ బాధ్యతలను సమర్థంగా నిర్వర్తిస్తూ, సంస్థ లక్ష్యాల సాధనలో కీలక పాత్ర పోషించడం జరిగింది అని ఒక వరస ఉందనుకోండి. దీన్ని ప్రపంచంలో ఏ పని చేసినవారైనా రాసుకోవచ్చు. దాని బదులు, రెండు గిడ్డంగుల సరుకు లెక్కలను ఒకే డేటాబేస్‌లోకి మార్చాను, మార్పు జరిగిన వారాంతంలో అమ్మకాలు ఆగలేదు, నిర్వహణ పత్రాలు రాసి లోపలి బృందానికి అప్పగించి వచ్చాను అని రాస్తే, పదాల సంఖ్య దాదాపు అంతే. రెండోది మాత్రం క్లయింటు నాలుగు ప్రశ్నల్లో రెండింటికి జవాబు చెప్పింది. సీవీని కుదించడమంటే చాలామంది మంచి వరసలను కూడా కత్తిరించేస్తారు. ముందు మొదటి రకం వరసలను ఏరి పారేయండి. చాలా సీవీల్లో అంతటితోనే ఒక పేజీ తగ్గుతుంది.

మిగిలిన ఉబ్బు ఎక్కడుంటుందో త్వరగా చెప్పి ముందుకు వెళతాను. క్లయింటు సంస్థ గొప్పతనం గురించి రాసే నాలుగు వరసలు మీ గురించి ఏమీ చెప్పవు. ఒకే హోదాలో అయిదు చోట్ల పనిచేసినప్పుడు అవే అయిదు బాధ్యతలను అయిదుసార్లు అతికించడం మరొకటి. వాడిన ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ, దాని ప్రతి వెర్షన్‌నూ చేర్చిన నలభై పేర్ల జాబితా ఇంకొకటి. అందులో ఒక్కసారి తెరిచి చూసినవి కూడా ఉంటాయి, ఇంటర్వ్యూలో ప్రశ్న సరిగ్గా వాటి మీదే వస్తుంది. సీవీలో రాసిన ప్రతి మాటా ప్రశ్న అడిగేందుకు ఇచ్చిన అనుమతి అని గుర్తుపెట్టుకుంటే ఆ జాబితా దానంతట అదే చిక్కిపోతుంది. అభిరుచులు, పాఠశాల మార్కులు, అడిగితే సిఫారసు చేసేవారి పేర్లు ఇస్తానన్న వాక్యం కూడా వద్దు. అడిగితే ఇస్తారని వారికి తెలుసు.

తగ్గించకూడనివి కూడా ఉన్నాయి. ప్రతి పనికీ మొదలైన నెల, ముగిసిన నెల ఉండాలి. సంవత్సరాలు మాత్రమే ఇస్తే రెండు నెలల పనిని రెండేళ్ల పనిగా చూపిస్తున్నారన్న సందేహం వస్తుంది. మీ హోదా, క్లయింటు రంగం, పని పరిమాణం ఉండాలి. అక్షరాలు 10.5 లేదా 11 పాయింట్లకు తగ్గకూడదు, అంచులు రెండు సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఒక చిన్న సాంకేతిక విషయం, దీన్ని పట్టించుకునేవారు తక్కువ. ఏ4 మీద సరిగ్గా రెండు పేజీలకు సర్దిన సీవీని అమెరికాలో వాడే లెటర్ సైజు కాగితం మీద ముద్రిస్తే, ఆ కాగితం ఎత్తు 279 మిల్లీమీటర్లే కనుక, ప్రతి పేజీకి పద్దెనిమిది మిల్లీమీటర్ల చొప్పున కింది వరసలు తోసుకుపోయి మూడో పేజీ నెత్తిన అయిదారు వరసలు అనాథల్లా వేలాడతాయి. సముద్రం అవతలి క్లయింట్లకు పంపేవారు ప్రతి పేజీ చివర కొంత ఖాళీ వదలడం మంచిది.

ఇంతవరకు పొడవు తగ్గించమనే చెప్పాను. అతిగా తగ్గించడం వల్ల వచ్చే నష్టం కూడా ఉంది. పదేళ్ల అనుభవమున్న కాంట్రాక్టరు, ఎవరో చెప్పారని, కట్టె కొట్టె తెచ్చె అన్నట్టు ఒకే పేజీలో ముగిస్తే, క్లయింటుకు వచ్చే మొదటి సందేహం ఈయన ఏం దాచిపెడుతున్నాడని. ఒక పేజీ సీవీ ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవారికి సరిపోతుంది. ఉద్యోగం వదిలి మొదటి కాంట్రాక్టు వెతుక్కుంటున్నవారు ఉద్యోగంలో చేసిన ముఖ్యమైన ప్రాజెక్టులను విడివిడి పనుల్లాగా రాసుకుంటే ఒకటిన్నర పేజీ వస్తుంది, అది చాలు, దాన్ని రెండు చేయాలని సాగదీయనక్కర్లేదు.

దేశాన్ని బట్టి, రంగాన్ని బట్టి ఆనవాయితీలు మారతాయి. జర్మనీలో ఫ్రీలాన్సర్ల దగ్గర అడిగేది ప్రొఫైల్. అందులో చేసిన ప్రాజెక్టులన్నీ ఒకదాని తరువాత ఒకటి వివరంగా ఉండటం అక్కడ మామూలు, అది ఆరేడు పేజీలు దాటినా ఎవరూ తప్పుపట్టరు. పరిశోధనా రంగంలో ప్రచురణలన్నీ చూపించే సీవీకి హద్దే ఉండదు. అదే రంగంలో నిధుల కోసం దరఖాస్తు చేసినప్పుడు మాత్రం హద్దు పడుతుంది, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2015లో తమ జీవిత సంగ్రహ పత్రానికి అయిదు పేజీల పరిమితి పెట్టాయి. యూరప్‌లో 2005 నుంచి యూరోపాస్ అనే ఉమ్మడి నమూనా వాడుకలో ఉంది, కొన్ని సంస్థలు అందులోనే పంపమంటాయి. చిత్రకారులకూ, డిజైనర్లకూ, అనువాదకులకూ సీవీ కంటే పని నమూనాలే మాట్లాడతాయి కనుక, వారి సీవీ ఒకటిన్నర పేజీతో ముగిసి పోర్ట్‌ఫోలియో వైపు దారి చూపాలి. క్లయింటు స్వయంగా నమూనా ఇచ్చినా, పేజీల సంఖ్య చెప్పినా ఇక మన చర్చకు తావు లేదు, చెప్పినట్టు చేయడమే. సూచనలు పాటించగలడా లేదా అన్నది కూడా వారు అక్కడే చూస్తారు.

ఇన్ని రకాలుగా పంపాలంటే ప్రతిసారీ కొత్తగా రాయాలా అన్న ప్రశ్న వస్తుంది. అక్కర్లేదు, కానీ ఇంట్లో ఒక మూలప్రతి ఉండాలి. దానికి పేజీల పరిమితి లేదు, ముప్పై పేజీలైనా ఉండనివ్వండి, ఎందుకంటే దాన్ని మీరు తప్ప ఎవరూ చదవరు. ప్రతి కాంట్రాక్టు ముగిసిన వారంలోనే, సంగతులు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు, ఏం చేశారో, ఏ అంకెలు మారాయో, ఎవరికి అప్పగించారో, ఏ పరికరాలు వాడారో అందులో రాసుకోండి. ఏడాది తరువాత గుర్తు తెచ్చుకుని రాసే సీవీలోనే సమన్వయం, సమర్థంగా వంటి మాటలు వచ్చి చేరతాయి. వివరం గుర్తులేని చోట విశేషణం దిగుతుంది. పని వచ్చినప్పుడు మూలప్రతిలోంచి ఆ పనికి కావలసిన వరసలు తీసి రెండు మూడు పేజీల సీవీ కూర్చడానికి గంటకు మించి పట్టదు. ఇలా ఎప్పటికప్పుడు కూర్చుకునే అలవాటు లేనివారే, ఎవరికి ఏది కావలసి వస్తుందోనని అన్నీ కలిపి ఎనిమిది పేజీలు పంపుతుంటారు. పొడవైన సీవీ అనుభవం ఎక్కువైనందువల్ల వస్తుందని అనుకుంటాం గాని, చాలావరకు అది ఎంపిక చేసే శ్రమను చదివేవారి నెత్తిన వేసినందువల్లే వస్తుంది.

ఇక మీరు చీటీల మీద రాసి పంపిన ప్రశ్నల్లో మూడింటికి జవాబు చెప్పే సమయం ఉంది.

మొదటి ప్రశ్న: నేను రెండు పేజీలు పంపితే ఏజెన్సీవారు వివరంగా రాసి మళ్లీ పంపమంటున్నారు, ఏం చేయాలి? పంపండి, కానీ ఏది వివరంగా కావాలో ముందు అడగండి. ఏజెన్సీలు చాలావరకు మీ సీవీని తమ సొంత నమూనాలోకి మార్చి, మీ ఫోన్ నంబరు, ఈమెయిలు తీసేసి క్లయింటుకు పంపుతాయి. కాబట్టి మీరు శ్రద్ధగా సర్దిన పేజీలు ఎలాగూ చెదిరిపోతాయి. వారికి తరచు కావలసింది రెండు మూడు పనుల గురించి అదనపు సమాచారమో, క్లయింటు అడిగిన ఒక పరికరంతో మీరు చేసిన పని ప్రస్తావనో మాత్రమే. అది చేర్చితే అర పేజీ పెరుగుతుంది. మొత్తం మూలప్రతిని పంపేస్తే, అందులోంచి ఏది ఉంచాలో ఏది తీసేయాలో మీ వృత్తి గురించి మీకంటే తక్కువ తెలిసిన వ్యక్తి నిర్ణయిస్తాడు.

రెండో ప్రశ్న: గోప్యతా ఒప్పందం వల్ల క్లయింటు పేరు చెప్పలేనప్పుడు ఆ పనిని వదిలేయాలా? వదిలేయనక్కర్లేదు. అనేక దేశాల్లో శాఖలున్న బీమా సంస్థ, మధ్యస్థాయి ఔషధ తయారీ సంస్థ అని రంగమూ పరిమాణమూ చెబితే చాలు. చదివేవారికి పేరు కంటే పరిస్థితి ముఖ్యం. అయితే వివరాలు మరీ ఎక్కువ ఇస్తే పేరు చెప్పినట్టే అవుతుంది కనుక ఒప్పందాన్ని మరోసారి చదువుకోండి. పాత క్లయింటు రహస్యాన్ని సీవీలో బయటపెట్టినవారు రేపు తమ రహస్యాన్నీ బయటపెడతారని కొత్త క్లయింటు లెక్క వేసుకుంటాడు.

మూడో ప్రశ్న ఫైలు రూపం గురించి. నేరుగా క్లయింటుకు పంపేటప్పుడు పీడీఎఫ్ మేలు, మీరు సర్దిన పేజీలు సర్దినట్టే వెళతాయి. ఏజెన్సీలు తమ నమూనాలోకి మార్చుకోవాలి కనుక వర్డ్ ఫైలు అడుగుతాయి, వారికి అదే ఇవ్వండి. వర్డ్ ఫైలు పంపితే మాత్రం, మీ దగ్గర ఉన్న అక్షరశైలి అవతలివారి కంప్యూటర్‌లో లేకపోతే దాని స్థానంలో వేరొకటి వచ్చి వరసలు జరిగిపోతాయి, రెండు పేజీలు రెండుంబావు అవుతాయి. అందరి దగ్గరా ఉండే సాధారణమైన అక్షరశైలి వాడండి. ఫైలు పేరులో మీ పేరు, హోదా ఉండాలి. సీవీ తుదిప్రతి అని మాత్రమే పేరు పెడితే ఏజెన్సీ ఫోల్డర్‌లో అదే పేరుతో ఉన్న మరెన్నో ఫైళ్ల మధ్య అది కలిసిపోతుంది. పంపే ముందు దాన్ని మీ ఫోన్‌లో కూడా ఒకసారి తెరిచి చూసుకోండి. ఆ చిన్న తెర మీద మొదట కనిపించే ముక్కలో మీ హోదా, ఎప్పటి నుంచి పనికి రాగలరో, ఇప్పుడు చేస్తున్న పని, ఈ మూడూ లేకపోతే పై వరసలు మళ్లీ సర్దండి.